ఎవరూ తొయ్యలేదు, బస్సే ఆగింది

గురువారం: ఉప్పల్ నుంచి విశాఖపట్నం

మా అక్క కూతురు పండు తొమ్మిదో తరగతి. న్యూటన్ గమన నియమాల పాఠం అయిపోయింది, మూడు నియమాలూ అడగ్గానే గడగడా అప్పజెప్పేస్తుంది. దసరా సెలవుల్లో దాన్నీ మా అమ్మనీ తీసుకుని అరకు బయల్దేరేటప్పుడు నా మనసులో ఉన్నది ఒక్కటే, నోటికొచ్చిన ఆ మూడు నియమాలూ దాని ఒంటికి కూడా తెలియాలి. నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. ఈ పాఠానికి బస్సును మించిన ప్రయోగశాల లేదని గట్టిగా నమ్ముతాను.

స్టేషనుకి ఉప్పల్‌లో సిటీ బస్సెక్కాం. అంత పొద్దున్నే కూడా నిలబడ్డానికే చోటు దొరికింది, కండక్టరమ్మ జీరో టికెట్లు కొట్టుకుంటూ జనం మధ్యలోంచి వస్తోంది. హబ్సిగూడ దగ్గర ఎవరో బైకు అడ్డం పెడితే డ్రైవరు బ్రేకు మీద కాలేశాడు, నిలబడ్డవాళ్లమంతా ఒక్కసారి ముందుకి ఒరిగిపోయాం. "అబ్బా, ఎవరో తోశారు పిన్నీ" అంది పండు వెనక్కి తిరిగి చూస్తూ.

ఎవరూ తొయ్యలేదు. ఇక్కడే ఆగి ఆలోచించాలి, ఎందుకంటే జడత్వం గురించి, అంటే ఆపేదాకా పోతూనే, కదిపేదాకా ఆగే ఉండే గుణం గురించి, మనకుండే తప్పు ఊహ అంతా ఈ మాటలోనే ఉంది. బస్సు గంటకి ముప్ఫై కిలోమీటర్లతో పోతుంటే అందులో ఉన్న మనమూ ముప్ఫైతోనే పోతున్నాం. బ్రేకు పట్టుకుంది బస్సు చక్రాల్ని, మనల్ని కాదు. బస్సు నేల మన చెప్పుల్ని ఘర్షణతో పట్టుకుని ఆపింది, నడుము పైభాగాన్ని మాత్రం ఆపేవాళ్లెవరూ లేరు కాబట్టి అది తన ముప్ఫైతో తాను పోయింది. మనం ముందుకి పడటం కాదది, ఆగకపోవడం. బస్సు బయల్దేరేటప్పుడు వెనక్కి తూలడం కూడా ఇదే లెక్క, కాళ్లు బస్సుతో కదిలాయి, ఒళ్లింకా స్టాపులోనే ఉంది.

"కండక్టరమ్మని చూడు" అన్నాను. ఆమె ఒక చేతిలో టిక్కెట్ల మిషను, ఇంకో చేతిలో చిల్లర, పట్టుకోడానికి మూడో చెయ్యి లేదు. తుంటి సీటు అంచుకి ఆనించి, ఒక పాదం ముందుకీ ఒక పాదం వెనక్కీ, బస్సు పొడుగునా ఎడంగా పెట్టి, మోకాళ్లు కాస్త వదులుగా ఉంచి నిలబడుతుంది. బ్రేకు పడితే బరువు ముందు పాదం మీదకి, కదిలితే వెనక పాదం మీదకి మారుతుంది, అంతే. రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి బిగుసుకుని నిలబడేవాళ్లే ముందు పడతారు. తార్నాక వచ్చేసరికి పండు కూడా అలాగే నిలబడింది.

రైల్లో కిటికీ పక్క సీటు అమ్మది. బండి కదిలేటప్పుడు కొంచెం కుదుపొచ్చింది. పెట్టెకీ పెట్టెకీ మధ్య కప్లింగులో ఉండే సందు వల్ల ఇంజను మొత్తం బండిని ఒకేసారి లాగదు, మొదటి పెట్టె, తర్వాత రెండోది, అలా ఒక్కోదాని జడత్వాన్నీ విడివిడిగా కదిలించుకుంటూ పోతుంది. ఎల్‌హెచ్‌బీ అనే రకం పెట్టెలు వచ్చిన కొత్తలో ఈ కుదుపుల మీద ఫిర్యాదులు బాగా వచ్చాయి, తర్వాత కప్లింగుల లోపలి భాగాలు మార్చి తగ్గించారు.

కాజీపేట దాటాక బండి వేగం అందుకుని నిలకడగా పోతోంది. పండుకి జామకాయ ఇచ్చి నిటారుగా పైకెగరెయ్యమన్నాను. వేసింది, నేరుగా దాని చేతిలోకే వచ్చి పడింది. కాయ గాల్లో ఉన్న ఆ అర సెకనులో రైలు పన్నెండు పదమూడు మీటర్లు ముందుకి పోయి ఉంటుంది, కాయ మాత్రం వెనక సీటు వాళ్ల మీద పడలేదు, ఎందుకంటే చెయ్యి వదిలేసినా రైలు వేగం కాయని వదల్లేదు. 1632లో గెలీలియో సరిగ్గా ఇదే చెప్పాడు, తలుపులన్నీ మూసిన ఓడ గదిలో కూర్చుంటే, ఓడ కుదుపు లేకుండా ఒకే వేగంతో పోతోందో ఒడ్డున కట్టేసి ఉందో లోపల ఏ ప్రయోగం చేసినా తెలియదని. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకి సుమారు 30 కిలోమీటర్ల వేగంతో మనల్ని మోసుకుపోతున్నా మనకి చీమ కుట్టినట్టు కూడా లేకపోవడానికి కారణం ఇదే. ఒంటికి తెలిసేది వేగం కాదు, వేగంలో మార్పు.

ఆ మార్పుని కళ్లతో చూడాలంటే టీ కప్పు చాలు. ఖమ్మం వస్తుండగా బండి బ్రేకు వేస్తున్నప్పుడు పండు కప్పులో టీ ఇంజను వైపు అంచుకి కొద్దిగా ఎక్కింది, బండి ఆగిన క్షణాన తటాలున మట్టానికొచ్చి అటూఇటూ ఊగింది. వేగం ప్రతి సెకనుకీ సెకనుకి అర మీటరు చొప్పున తగ్గుతుంటే టీ మట్టం వాలేది మూడు డిగ్రీలే. ఇప్పుడు లెక్క తిప్పి చూడండి. అదే పట్టుతో 110 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి పూర్తిగా ఆగాలంటే దాదాపు కిలోమీటరు కావాలి. గేటు కింద నుంచి దూరి పట్టాలు దాటేవాళ్లు "డ్రైవరు చూస్తున్నాడులే, ఆపుతాడు" అనుకుంటారు. లోకో పైలట్ చూస్తాడు, బ్రేకు కూడా వేస్తాడు. వెయ్యి టన్నుల పైచిలుకు బండి అయ్యో పాపం అనుకుని ఆగదు.

సాయంత్రం గోదావరి. కొవ్వూరు దాటుతుండగానే అమ్మ కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ల తీసింది. పైన రోడ్డు, కింద రైలు పోయే వంతెన ఇది, 1974 నుంచీ వాడుకలో ఉంది, రెండున్నర కిలోమీటర్ల పైనే పొడవు, రెండు పక్కలా ఇనుప దూలాలు కిటికీ ముందు నుంచి టపటపా వెనక్కి పోతుంటాయి. అమ్మ "గోదారమ్మ తల్లీ" అని దణ్ణం పెట్టుకుని కిటికీ ఊచల్లోంచి బిళ్ల వదిలింది. వదిలిన చోటే నీళ్లలో పడుతుందని అమ్మ నమ్మకం. పడదు. బండి అరవైతో పోతుంటే బిళ్లకీ అరవై ఉంటుంది. నీళ్లు పదిహేను మీటర్ల కింద ఉన్నాయనుకుంటే చేరడానికి ఒకటిముప్పావు సెకను పడుతుంది, ఆలోపు బిళ్ల రైలుతో పాటే ముప్ఫై మీటర్ల దాకా ముందుకి పోతుంది, గాలి ఆపినంత తగ్గించుకోండి. మనకి కిటికీ నుంచి నిటారుగా దిగినట్టు కనిపిస్తుంది, గట్టున నిలబడ్డ పడవవాడికి వంపు తిరిగి పడినట్టు కనిపిస్తుంది, రెండూ నిజమే.

బిళ్ల వరకూ ఫర్వాలేదు, కొందరు కొబ్బరికాయలు విసురుతారు, తాగేసిన సీసాలు విసురుతారు. చేత్తో మెల్లిగా వదిలినా సరే, బండి ఎనభైతో పోతుంటే ఆ కాయ ఎనభైతోనే వెళ్లి వంతెన మీద పనిచేసే గ్యాంగ్‌మన్ తలకి తగులుతుంది. దయచేసి వద్దు. గోదారమ్మకి దణ్ణం చాలు.

శుక్రవారం: విశాఖ బీచ్ రోడ్డు

పొద్దున సముద్రం, ఇడ్లీ, కైలాసగిరి, అవన్నీ అందరికీ తెలిసినవే. ఆర్కే బీచ్ ఎదురుగా టీయూ-142 విమానం మ్యూజియం ఉంది, నౌకాదళం నుంచి రిటైరైన పెద్ద రష్యన్ విమానం. దాని ఒక్కో ఇంజనుకీ రెండేసి పంకాలు ఒకదాని వెనక ఒకటి, ఎదురెదురు దిశల్లో తిరిగేవి. పంకా గాలిని వెనక్కి నెడితే గాలి పంకాని ముందుకి నెడుతుంది, అది మూడో నియమం. కానీ ఇంజను పంకాని ఒకవైపు తిప్పితే పంకా ఇంజనుని రెండోవైపు తిప్పబోతుంది, అదీ మూడో నియమమే. ఎదురుగా తిరిగే ఇంకో పంకా పెడితే ఆ మెలి కొట్టుకుపోతుంది. పండు ఈ రెండో మాట దగ్గర చాలాసేపు నిలబడింది.

నాకు మాత్రం ఆ రోజు మొత్తానికి ముఖ్యమైంది పది నిమిషాల క్యాబ్ ప్రయాణం. బీచ్‌లో పండు గ్యాస్ బెలూన్ కొనుక్కుంది, అద్దాలన్నీ మూసిన కారులో దారం ఒళ్లో పట్టుకుని కూర్చుంది. (ఆటోలో ఇది కనిపించదు, బయటి గాలి పాడు చేస్తుంది.) "కారు కదిలితే బెలూన్ ఎటు పోతుంది?" అన్నాను. "వెనక్కే, మనమూ వెనక్కే కదా" అంది. కారు కదిలింది. మా ముగ్గురి వీపులూ సీటుకి ఆనాయి, బెలూన్ మాత్రం ముందుకి, డ్రైవరు తల వైపు వంగింది. సిగ్నల్ దగ్గర బ్రేకు వేస్తే మేం ముందుకి, అది వెనక్కి. ఎడమవైపు తిరిగితే మేం కుడికి ఒరిగాం, అది ఎడమకి ఒరిగింది.

కారణం గాలి. కారు నిండా ఉన్న గాలికీ బరువుంది, బరువుంది కాబట్టి జడత్వమూ ఉంది. కారు ముందుకి ఉరికితే గాలి కూడా మనలాగే వెనకబడి కారు వెనక భాగంలో కొంచెం చిక్కబడుతుంది, ముందు భాగంలో కొంచెం పల్చబడుతుంది. బెలూన్‌లోని గ్యాసు గాలి కంటే తేలిక, అందుకని చిక్కటి వైపు నుంచి పల్చటి వైపుకి నెట్టబడుతుంది. మామూలుగా పైకి తేలడానికి కూడా కారణం ఇదే, కింద గాలి ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. పండు హోటల్ దాకా బెలూన్ మీంచి కళ్లు తిప్పలేదు, మలుపు రాకముందే "ఇప్పుడు ఇటు" అని చెప్పడం మొదలుపెట్టింది, చెప్పినట్టే ఒరిగింది కూడా.

శనివారం: కిరండూల్ లైను

పొద్దున్నే అరకు రైలు. 1960ల్లో ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ దగ్గర బైలదిలా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి తెచ్చి జపానుకి పంపడం కోసం వేసిన లైను ఇది. కొత్తవలస దగ్గర చీలి, శృంగవరపుకోట దాటాక కొండెక్కుతుంది, శిమిలిగూడ దగ్గర సముద్ర మట్టానికి సుమారు 996 మీటర్లు. దారిలో యాభైకి పైగా సొరంగాలు, చీకటి పడగానే పెట్టెలో పిల్లలందరూ ఒక్క గొంతుతో కేక పెడతారు, అదొక ఆచారం అయిపోయింది.

ఇక్కడ అందరూ లోయ వైపు చూస్తారు, నేను పండుని పక్క పట్టా మీద ఆగి ఉన్న ఖనిజం బండి వైపు చూడమన్నాను. ఎర్రటి దుమ్ముతో నిండిన వ్యాగన్లు, నిండితే ఒక్కోటి 80 టన్నులు, వరుస కనుచూపు మేర ఉంది. ఖాళీ బండ్లు కొండెక్కుతాయి, నిండు బండ్లు కొండ దిగుతాయి. ఎక్కించడం కష్టం అనుకుంటాం కానీ అసలు టెన్షన్ అంతా దింపడంలోనే. అరవై అడుగులకి ఒక అడుగు వాలు ఉన్నా ఒక్కో వ్యాగన్నీ కిందికి లాగే బలం టన్నుంపావు పైన, అలాంటివి పదుల సంఖ్యలో ఉంటే అన్నిటినీ కలిపి పట్టుకుని, ఎక్కడా వేగం పెరగనివ్వకుండా దించాలి. ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద ఘర్షణ చాలా తక్కువ, రైలు పొదుపుగా నడవడానికి అదే కారణం, ఆగడానికి ఇబ్బంది కూడా అదే. వాన కురిసి పట్టా తడిస్తే ఇంజను చక్రాల ముందు గొట్టాల్లోంచి ఇసుక రాలుస్తారు, పట్టు కోసం. కొండ లైన్లలో కొన్నిచోట్ల క్యాచ్ సైడింగులు ఉంటాయి, బ్రేకు తప్పిన బండిని పక్కకి మళ్లించి ఎత్తుకి ఎక్కించే పట్టా. అక్కడ బండిని ఆపేది మనిషి కాదు, భూమి ఆకర్షణే.

"పాపం ఆ డ్రైవర్లు" అంది అమ్మ. ఇంజనులో మనుషులుంటారని అప్పుడే గుర్తొచ్చినట్టు పండు కిటికీలోంచి చెయ్యి ఊపింది, ఆ బండి లోకో పైలట్ కూడా ఊపాడు.

అరకులో వలిసె పూలు అప్పుడే పసుపు తిరుగుతున్నాయి. మ్యూజియం, కాఫీ, బొంగు చికెన్, చలి.

ఆదివారం: ఘాట్ రోడ్డు

దిగేటప్పుడు కారు మాట్లాడుకున్నాం, విశాఖకి నూట పదిహేను కిలోమీటర్లు. కారు శుభ్రంగా ఉంది, కొత్త సీటు కవర్లు. అయితే వెనక సీట్లో బెల్టు దొరికింది కానీ అది గుచ్చే బకిల్ దొరకలేదు. కవరు దాని మీదుగా బిగించి కుట్టేశారు. "వెనకాల ఎవరూ పెట్టుకోరు మేడమ్, చలానా ముందు సీటుకే" అన్నాడు డ్రైవరు, మంచి కుర్రాడే. వెనక కూర్చున్నవాళ్లు కూడా పెట్టుకోవాలనే చట్టం చెబుతోంది. అమ్మ కూడా "ఎందుకే, ముందు సీటు అడ్డం ఉందిగా" అంది. నేను కారు ఎక్కలేదు. కవరు హుక్కులు విప్పించి, చెయ్యి లోపలికి పోనిచ్చి మూడు బకిళ్లూ పైకి లాగేదాకా ఇరవై నిమిషాలు పట్టింది, ఒకదానిలో వేరుశనగ పొట్టు ఇరుక్కుంటే హెయిర్ పిన్నుతో తీశాను.

ఇంత పట్టు ఎందుకంటే లెక్క అలా ఉంది. అరవై కిలోల మనిషి గంటకి అరవైతో పోతూ సెకనులో పదో వంతులో ఆగాల్సి వస్తే కావలసిన బలం పదివేల న్యూటన్లు, అంటే టన్ను బరువు. రెండో నియమం ఇది, ద్రవ్యరాశిని త్వరణంతో గుణించడమే. ఆ వేగం నాలుగంతస్తుల మేడ మీంచి కింద పడినవాడి వేగం. ముందు సీటు అడ్డం ఉంది నిజమే, ఆ టన్ను వెళ్లి పడేది ముందు సీట్లో కూర్చున్నవాళ్ల వీపు మీదే. పది కిలోల పసిపిల్లని ఒళ్లో పెట్టుకుంటే, యాభై వేగంలో అదే లెక్కకి నూట నలభై కిలోల బరువు చేతుల్లోంచి జారిపోతుంది, ఏ తల్లీ పట్టుకోలేదు, ప్రేమకీ దానికీ సంబంధం లేదు. 2022 సెప్టెంబరులో ముంబై దగ్గర టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ చనిపోయింది వెనక సీట్లోనే, బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. మూడు పాయింట్ల బెల్టు వోల్వో కంపెనీలో నిల్స్ బోలిన్ చేతుల్లో తయారై కార్లలోకి వచ్చింది 1959లో. ఇన్నేళ్లయినా మనం దాన్ని సీటు కవరు కింద కుట్టేస్తున్నాం.

పండుకి బెల్టు మెల్లిగా లాగమన్నాను, సాఫీగా వచ్చింది. గబుక్కున లాగమన్నాను, టక్కున బిగుసుకుంది. మళ్లీ మెల్లిగా, మళ్లీ గబుక్కున. ఆ చుట్ట లోపల ఉన్నది కూడా జడత్వమే. ఒక చిన్న లోహపు గుండు గుంటలో కూర్చుని ఉంటుంది, కారు ఒక్కసారిగా ఆగితే గుండు ఆగకుండా ముందుకి దొర్లి మీటని ఎత్తుతుంది, మీట పళ్లచక్రాన్ని పట్టేస్తుంది. పట్టీని గబుక్కున లాగితే బిగించడానికి ఇంకో ఏర్పాటుంది. మనల్ని సీట్లోంచి ఎగరగొట్టే గుణమే మనల్ని పట్టుకునే తాళాన్ని కూడా వేస్తుంది, ఈ పరికరం గురించి ఎప్పుడు తలచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అనంతగిరి దిగుతుండగా రాత్రి వానకి రోడ్డు ఇంకా తడిగా ఉంది. హెయిర్‌పిన్ మలుపులో అమ్మ తలుపు వైపు ఒరిగి "బయటికి విసిరేస్తోందే" అంది. విసరడం లేదు. అమ్మ నేరుగా పోతోంది, కారు తిరిగింది. మలుపులో కారుని లోపలికి తిప్పే బలం ఇచ్చేది ప్రధానంగా టైరుకీ రోడ్డుకీ మధ్య ఘర్షణే. వేగం రెట్టింపైతే ఆ బలం నాలుగింతలు కావాలి. పదిహేను మీటర్ల మలుపుని ఇరవైతో తిరిగితే టైరు సునాయాసంగా ఇస్తుంది, నలభైతో వస్తే తడి రోడ్డు మీద ఇవ్వలేదు, అప్పుడు కారు కూడా అమ్మలాగే నేరుగా పోతుంది, నేరుగా అంటే లోయ. మా డ్రైవరు ఎక్కిన గేరులోనే దిగాడు, ఆ విషయంలో అతనికి చెప్పాల్సిన పని రాలేదు. డీజిలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో దించేవాళ్లున్నారు, ఇంజను పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది, అవి కాలి పట్టు వదిలేస్తాయి.

కాసేపటికి పండుకి వికారం మొదలైంది, ఫోన్ చూస్తోంది మరి. లోపలి చెవిలో సన్నటి గొట్టాల్లో ద్రవం ఉంటుంది, తల తిరిగితే గొట్టం తిరుగుతుంది, ద్రవం జడత్వంతో వెనకబడుతుంది, ఆ తేడాని బట్టే మెదడుకి తిరుగుతున్నామని తెలుస్తుంది. కళ్లేమో ఫోన్ మీద ఉండి కదలడం లేదంటాయి. ఇద్దరు చెప్పేదీ కుదరక కడుపు తిరుగుతుంది. ఫోన్ లాక్కుని, ముందు అద్దంలోంచి దూరంగా రోడ్డు చూడమన్నాను, నిమ్మకాయ వాసన చూపించింది అమ్మ. రెండింటిలో ఏది పనిచేసిందో గానీ శృంగవరపుకోట వచ్చేసరికి తేరుకుని జామకాయలు అడిగింది.

సోమవారం: రాత్రి బస్సు

తిరుగు ప్రయాణానికి రైలు టికెట్లు దొరకలేదు, స్లీపర్ బస్సు. ఎక్కగానే నేను చేసిన మొదటి పని దిండ్లు మార్చడం. బెర్తు మీద తల డ్రైవరు వైపు పెట్టి పడుకుంటే, గట్టిగా బ్రేకు పడ్డప్పుడు ఒళ్లు ముందుకి జారి ముందు వెళ్లి కొట్టుకునేది తలే. కాళ్లు ముందుకి పెట్టుకుంటే తగిలేది అరికాళ్లు, మోకాళ్లు మడుచుకుని కాస్త కాచుకుంటాయి. పై బెర్తులో తలదగ్గర పెట్టిన బ్యాగు కూడా బస్సు వేగంతోనే ఉంటుంది కాబట్టి దాన్ని దింపి కింద పెట్టించాను. పండు పక్క బెర్తులో పడుకోబోతున్న ఇద్దరు పిల్లలకీ ఇదంతా తనే చెప్పి వాళ్ల దిండ్లు కూడా తిప్పించింది.

అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. బస్సు ఇక్కణ్నుంచి దక్షిణం వైపు పోతుంది, కాళ్లు అటు పెడితే తల ఉత్తరానికి పడుతుంది, ఉత్తరానికి తల పెట్టి పడుకోకూడదు. పండు ఫోన్‌లో మ్యాప్ తీసి చూపించింది, విజయవాడలో రోడ్డు పడమరకి తిరుగుతుందని. అమ్మ మ్యాప్ వైపు కాసేపు చూసి, "అయితే విజయవాడ దాకా కూర్చునే ఉంటాలే, ఆ తర్వాత మీరు చెప్పినట్టే పడుకుంటాను" అని సంచీలోంచి జంతికల డబ్బా తీసింది.